ఆ మాత్రం తెలీదా!

చదరంగం నేర్చుకోవాలంటే 64 గళ్ల బల్ల ఒకటి, 32 పావులు, ఒక పెద్దాయన కావాలి. బల్లా పావులూ కొట్లో దొరుకుతాయి. పెద్దాయన కోసం వెతకనక్కర్లేదు. బల్ల పరిచి ఇద్దరు కూర్చుంటే చాలు, ఎక్కణ్నుంచి వస్తాడో వచ్చి వెనకాల నిలబడతాడు. ఆయన ఆడడు, నేర్పడు. కొత్తవాడు సందేహం అడిగినప్పుడల్లా ‘ఆ మాత్రం తెలీదా!’ అని విస్తుపోవడమే ఆయన ఉద్యోగం. జీతం లేకపోయినా ఒక్క రోజు సెలవు పెట్టడు.

ఆయన సంచిలో మూడు జవాబులుంటాయి. ‘రూలంతే’ మొదటిది. ‘ముందు ఆడు, అదే తెలుస్తుంది’ రెండోది. ‘గూగుల్ చేసుకో’ ఈమధ్య చేరింది. ప్రశ్న ఏదైనా ఈ మూడింట్లో ఒకటి సరిపోతుంది. మూడింటికీ ఉన్న సుగుణం ఏమిటంటే, చెప్పేవాడికి అసలు సంగతి తెలిసుండాల్సిన పని లేదు.

ఉదాహరణకి, ‘నా ఏనుగు మీద అవతలివాడి శకటు గురిపెట్టి ఉంది. ఇప్పుడు క్యాస్లింగ్ చేయొచ్చా?’ అని ఒక కుర్రాడు అడిగాడనుకోండి. (రాజు పక్కకి రెండు గళ్లు జరిగితే, ఆ వైపు ఏనుగు రాజుని దాటి అవతల నిలబడే ఎత్తే క్యాస్లింగ్.) పెద్దాయన ఫక్కున నవ్వుతాడు. ఇంత చిన్న విషయం తెలియనివాడు బల్ల ముందు కూర్చోవడమేమిటని ఆయన బాధ.

సరిగ్గా ఈ ప్రశ్నే 1974లో మాస్కోలో ఒకాయన ఆర్బిటర్ని, అంటే పోటీ తీర్పరిని, అడిగాడు. ఆయన పేరు విక్టర్ కోర్చ్‌నోయ్. అప్పటికే నాలుగుసార్లు సోవియట్ చాంపియన్. ఎదురుగా ఉన్నవాడు అనతోలీ కార్పోవ్. ఆడుతున్నది క్యాండిడేట్స్ ఫైనల్లో 21వ గేమ్. ఫైనల్ నెగ్గినవాడికి అప్పటి ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్‌తో ప్రపంచ కిరీటం కోసం తలపడే హక్కు. ఏనుగు మీద దాడి ఉన్నా క్యాస్లింగ్ చేయొచ్చని తెలుసుకుని, ఆ పని చేసి, 19 ఎత్తుల్లో ఆ గేమ్ గెలిచాడు కోర్చ్‌నోయ్. మన పెద్దాయన ఆ హాల్లో లేకపోవడం కోర్చ్‌నోయ్ అదృష్టం. ఉండుంటే సిగ్గుపడి నోరు మూసుకుని, అక్కర్లేని ఎత్తేదో వేసి కూర్చునేవాడు.

అడగకుండా తెలుసనుకున్నవాళ్ల కథ కూడా ఉంది. 1960లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్‌బాఖ్‌తో ఆడుతూ ఆస్ట్రేలియా ఆటగాడు సెసిల్ పర్డీ మంత్రి వైపు క్యాస్లింగ్ చేశాడు. ఏనుగు దాటిన గడి మీద దాడి ఉంది కాబట్టి ఇది చెల్లదని అవెర్‌బాఖ్ అభ్యంతరం చెప్పాడు. చెల్లుతుంది. చెక్‌లో ఉండకూడనివాడు, దాడి ఉన్న గడి దాటకూడనివాడు, అలాంటి గడిలో చేరకూడనివాడు రాజు ఒక్కడే. ఏనుగుకి ఈ మడీ ఆచారాలేవీ లేవు. ఎండ్‌గేమ్‌ల మీద సంపుటాలకు సంపుటాలు రాసిన పండితుడికి ఆ సంగతి ఆ రోజు తెలిసింది.

ఇక స్టేల్‌మేట్. కొత్తవాడు అవతలివాడి సైన్యాన్నంతా ఊడ్చేసి, ఒంటరి రాజుని మూలకి తోసి, కదలడానికి గడి లేకుండా చేసి, చెక్ ఇవ్వడం మాత్రం మరిచిపోతాడు. ఆట డ్రా అంటారు. ‘వాడికి కదిలే దారే లేదు కదా, నేను గెలిచినట్టు కాదా?’ అని లబోదిబోమంటాడు. పెద్దాయనకి ఇంతకు మించిన వినోదం లేదు. కానీ ఈ కేసు పాతది, తీర్పులు బోలెడు. ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం ఆరంభం దాకా స్టేల్‌మేట్ చేసినవాడు ఓడిపోయినట్టు లెక్క! డ్రా అనే తీర్పు అక్కడ ఆ తర్వాత స్థిరపడింది. కాబట్టి మన కుర్రాడి అమాయకత్వం, రెండు వందల ఏళ్ల ఇంగ్లిష్ దొరల గాంభీర్యం కంటే పెద్ద తప్పేమీ కాదు.

ఫోన్‌లో ఆడే పిల్లలది మరో గోడు. బంటుని రెండు గళ్లు ముందుకి నడిపారు. పక్క గడిలోని శత్రు బంటు ఐమూలగా వెనక ఖాళీ గడిలోకి జరిగింది. తమ బంటు మాయం! యాప్ చెడిపోయిందని ఫోన్ ఆపి మళ్లీ పెడతారు. యాప్ చెడలేదు, అది ఎన్ పాసెంట్. పూర్వం బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. ఆట మరీ నిదానంగా సాగుతోందని రెండు గళ్ల వెసులుబాటు ఇచ్చారు. ఇచ్చాక బంట్లు ఆ వెసులుబాటుతో ఎదుటి బంటు గురి తప్పించుకుని జారుకోవడం మొదలైంది. అలా జారుకున్నదాన్ని, ఒక్క గడే నడిచినట్టు భావించి, వెంటనే తర్వాతి ఎత్తులో చంపొచ్చన్నారు. ఆ ఒక్క ఎత్తు దాటితే హక్కు పోయినట్టే. ఇది అందరికీ వెంటనే నచ్చిందనుకోకండి. 1880 దాకా ఇటలీ వాళ్లు ఈ రూలు ఒప్పుకోలేదు. ఒక దేశం దేశమే శతాబ్దాల పాటు ‘ఇదేం రూలు?’ అని అడిగిందన్నమాట.

ఇంతకీ ‘రూలంతే’ అనే పెద్దాయన ఏ రూలు సంగతి చెబుతున్నట్టు? ఐమూలగా ఒక్క గడి నడిచే మంత్రి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోవడం మొదలైంది 15వ శతాబ్దం చివర్లో, యూరప్‌లో. మన ఊళ్లలో మొన్నమొన్నటిదాకా మొదటి ఎత్తులో రెండు బంట్లని చెరో గడి జరిపేవాళ్లు. చెక్ తగలని రాజు జీవితంలో ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. చివరి గడికి చేరిన బంటు, చచ్చిన పావుల్లోంచే ఒకదాన్ని లేపుకోవాలి. ఒకే వీధిలో రెండు అరుగులు, రెండు రాజ్యాంగాలు. రెండింటి మీదా కూర్చున్న పెద్దాయనలు మాత్రం ‘రూలంతే’ అని ఒకే గొంతుతో చెప్పారు.

ఆ దేశవాళీ ఆటలోంచి వచ్చినవాడే పంజాబ్‌కి చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. పెద్దయ్యాక యూరోపియన్ రూళ్లు కొత్తగా నేర్చుకున్నాడు. బంటు రెండు గళ్లు నడవడం, క్యాస్లింగ్, అన్నీ ఆయనకి కొత్తే. 1929లో లండన్ వెళ్లి, ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932, 1933ల్లో మళ్లీ గెలిచాడు. 1930-31 హేస్టింగ్స్ టోర్నీలో మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకాని ఓడించాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, ఆయన పోయిన దశాబ్దాల తర్వాత. ‘ఆ మాత్రం తెలీదా’ అన్న మొదటి మాటకే ఆయన ముడుచుకుని ఇంటికెళ్లిపోయుంటే, కాపాబ్లాంకా ఖాతాలో ఒక ఓటమి తగ్గేది.

బంటు మంత్రి కావడంలోనూ కొత్తవాడికి అనుమానమే: ‘నా మంత్రి బతికే ఉంది, రెండోది తెచ్చుకోవచ్చా?’ భేషుగ్గా తెచ్చుకోవచ్చు. ఎనిమిది బంట్లూ అవతలి గట్టు చేరితే తొమ్మిది మంత్రులతో దర్బారు తీర్చొచ్చు. అదనపు మంత్రి దొరక్కపోతే ఏనుగుని తలకిందులు చేసి పెట్టండి, అదే మంత్రి అని అరుగు మీద నేర్పుతారు. ఆ పాఠం ఖరీదెంతో 2017లో కెనడా చాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో తేలింది. నికోలాయ్ నోరిత్సిన్ చివరి గడిలో ఏనుగుని బోర్లించాడు. బోర్లా పడుకున్నా ఏనుగు ఏనుగేనన్నాడు ఆర్బిటర్. గేమూ పోయింది, టైటిలూ పోయింది.

సందేహం తీర్చకుండా దాటేసే పెద్దాయన విద్య ఇప్పుడు కోచింగ్ సెంటర్లకీ పాకింది. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబర్‌లో 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాక అమ్మానాన్నలకి ఆగడం లేదు. పిల్లాడు సిసిలియన్ నైడార్ఫ్ ఓపెనింగ్‌ని పన్నెండో ఎత్తు దాకా గడగడా అప్పజెబుతాడు. చేతిలో మంత్రి పెట్టుకుని ఒంటరి రాజుకి స్టేల్‌మేట్ ఇచ్చి వస్తాడు. ‘ఎందుకు సార్ ఇది డ్రా?’ అని అడిగితే, సిలబస్ వెనకబడుతుందని సార్ కంగారు.

‘ఒకే ప్రశ్న వందసార్లు వింటే విసుగు రాదా?’ అంటాడు పెద్దాయన. వస్తుంది, కాదనను. కానీ వందమంది ఒకేచోట తడబడుతున్నారంటే లోపం వందమందిలో ఉండదు. గుర్రం ఎలా నడుస్తుందని ఎవరూ రెండోసారి అడగరు. అడిగేవన్నీ క్యాస్లింగ్, ఎన్ పాసెంట్, స్టేల్‌మేట్, బంటు పదోన్నతి గురించే. సందేహం వచ్చే చోటల్లా పూర్వం ఒక తగువు జరిగింది. ఆ తగువు తీర్చడానికి రాసుకున్న ఒప్పందమే రూలు. ఒప్పందానికి కారణం చెప్పకుండా పాటించమంటే అడగకేం చేస్తారు?

పోనీ, పైమెట్టు మీద ఉన్నవాళ్లకైనా సందేహాలు తీరాయా అంటే అదీ లేదు. 2017 డిసెంబర్‌లో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీలో ఎర్నెస్టో ఇనార్కియెవ్ తన రాజుకి చెక్ ఉండగా దాన్ని వదిలేసి మాగ్నస్ కార్ల్‌సన్‌కి ఎదురు చెక్ ఇచ్చాడు. ప్రపంచ చాంపియన్ రాజుని జరిపాడు. అప్పుడు ఇనార్కియెవ్ గడియారం ఆపి, కార్ల్‌సన్ వేసిందే చెల్లని ఎత్తన్నాడు. మొదటి ఆర్బిటర్ సరేనని ఇనార్కియెవ్‌కి గెలుపు రాసేశాడు. చీఫ్ ఆర్బిటర్ వచ్చి తీర్పు తిప్పి, ఆట కొనసాగించమన్నాడు. ఇనార్కియెవ్ ఆడనన్నాడు, పాయింటు కార్ల్‌సన్‌కి వెళ్లింది. అంత గందరగోళంలోనూ అక్కడ ఎవరూ ఎవర్నీ ‘ఆ మాత్రం తెలీదా’ అనలేకపోయారు, ఎందుకంటే ఆ మాత్రం అందరికీ తెలియలేదు.

చివరిగా కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒక మాట. ఫిడే నియమావళి ప్రకారం ఆటలో సెకన్లు కరిగిపోతున్నా సరే, గడియారం ఆపి ఆర్బిటర్ సాయం అడిగే హక్కు ప్రతి ఆటగాడికీ ఉంది. మీకు ఆ హక్కుందని పెద్దాయన ఎందుకు చెప్పలేదని కోపం తెచ్చుకోకండి. ఆయన నియమావళి ఎప్పుడూ తెరవలేదు, తెరుద్దామంటే ఎక్కడ దొరుకుతుందో ఎవర్నైనా అడగాలి!