అబద్ధం ఖరీదు మూడువేలు

ఎడపల్లిలో పక్కవాడి పొలంలో రెండు గుంటల మీద కన్నుపడ్డవాడు ఎకరం ధర ఎంతో కనుక్కోనక్కర్లేదు. గెట్టు జరిపి, అడ్డొచ్చినవాణ్ణి ‘కోర్టులో తేల్చుకో పో’ అంటే చాలు. ఇక ఖర్చంతా భూమి పోయినవాడిదే: కోర్టు ఫీజు, వకీలు ఫీజు, వాయిదా వాయిదాకూ బోధన్‌కు బస్సు కిరాయి, ఆ రోజు మానుకున్న పని. అప్పీలైతే నిజామాబాద్, ఆపైన హైదరాబాద్. చివరికి గెలిస్తే తీర్పు అడుగున ఒక వాక్యం కనబడుతుంది: ఎవరి ఖర్చులు వారే భరించాలి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని పెద్దల మాట. అందులో సగానికి కాలం చెల్లింది. ఇన్నేళ్లూ ఆ గుంటల్లో వరి కోసుకున్నవాడు ఎందుకేడుస్తాడు?

చట్టం ఇలా లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఓడినవాడే ఖర్చులివ్వాలి. ఇప్పించకపోతే ఎందుకో జడ్జి రాయాలి. కానీ చాలా తీర్పుల్లో మినహాయింపే నియమాన్ని కబ్జా చేసింది. ఇంగ్లండులో ఓడినవాడు కడతాడు, అమెరికాలో ఎవరిది వాళ్లదే. మనం కాగితం మీద ఇంగ్లండు, తీర్పులో అమెరికా. తెలిసి తెలిసి తప్పుడు దావా వేసినవాడి కోసం, తప్పుడు వాదన చేసినవాడి కోసం 35ఏ అని వేరే సెక్షన్ ఉంది. అది ఇప్పించగల పరిహారం, ఎంత పెద్ద అబద్ధానికైనా, మూడువేలకు మించదు. 1922లో వెయ్యి, 1976లో మూడువేలు. అప్పట్నుంచి దేశంలో అన్నిటి ధరా పెరిగింది, అబద్ధానిది తప్ప. వాస్తవ ఖర్చులు ఇప్పించండని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 35ఏ మూడువేల పరిమితిని లక్షకు పెంచాలని 2011లో సూచించింది. 2012లో లా కమిషన్ ఖర్చుల మీదే ఓ నివేదిక ఇచ్చింది. 2015లో పార్లమెంటు కదిలింది, మూడువేల హద్దు ఎత్తేసింది కూడా. కాకపోతే వ్యాపార వివాదాలకు మాత్రమే! వ్యాపారి మోసపోతే అసలు ఖర్చులు రావచ్చు. రైతు గెట్టుకు పాత ధరే.

ఖర్చుల భయం పెడితే బీదవాడు కోర్టు మెట్లెక్కడనే అభ్యంతరం తేలికైనదేం కాదు. 2015 డిసెంబర్‌లో లేఆఫ్‌తో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు బకాయిల కోసం దావా వేసి ఓడితే కంపెనీ వకీళ్ల ఫీజు కట్టాలా? అక్కర్లేదు. నిజాయితీగా అడిగి ఓడినవాణ్ణి వదిలేసే అధికారం 35వ సెక్షన్ జడ్జికి ఇచ్చింది. కారణం రాయడానికి ఒక్క వాక్యం పడుతుంది. కానీ బీదవాడి పేరు చెప్పి అందరికీ ఖర్చులు మాఫీ చేస్తే లాభం ఎవరికి? అదే కార్మికుడు గెలిస్తే, పెట్టిన ఖర్చు కంపెనీ నుంచి రాదు. వాయిదాలు సాగదీయగల స్తోమత ఎవరికుందో వాళ్లకే ఈ దయ పనికొస్తోంది. వకీళ్లు ఫీజులు పెంచి చూపిస్తారన్న బెంగకు మందు రసీదు.

కింది కోర్టులో ఎలాగో మూడువేలు కట్టినవాడు మాత్రం దిగులు పడక్కర్లేదు. 35ఏ అప్పీళ్లకూ రివిజన్లకూ వర్తించదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. అదే అబద్ధాన్ని నిజామాబాద్ తీసుకెళ్తే, దానికి ఆ మూడువేలు కూడా లేవు.