చీరల కొట్టు గుమాస్తా

సరకు అమ్ముటెట్లో నేర్పెదమని చెప్పుకొను గ్రంథములు నేడు సరకుకన్న ఎక్కువగా అమ్ముడుపోవుచున్నవి. అమెరికాలో 1936లో డేల్ కార్నెగీ ప్రకటించిన పుస్తకము ఈ వంశమునకు మూలపురుషుని వంటిది. మానవునకు తన పేరుకంటె ఇంపైన శబ్దము వేరొకటి లేదనియు, కావున ఎదుటివానిని పేరుపెట్టి పిలువవలెననియు అందొక ఉపదేశము కలదు. ఈ ఉపదేశమును శిరసావహించి బెజవాడ వన్‌టౌను చీరల కొట్టులో ఏ గుమాస్తాయైనను బేరమునకు వచ్చిన గృహిణిని పేరుపెట్టి పిలిచెనేని, వాని ఉద్యోగము ఊడుటయు, ఆవిడ భర్త చేతి గొడుగు వాని వీపుపై విరుగుటయు ఏకకాలమున సంభవించును. మనవాడు పేరడుగడు, "మీదే ఊరమ్మా?" అని అడుగును. ఏ ఊరు చెప్పినను ఆ ఊర వానికొక పినతల్లి ఉండును. కృష్ణకు ఇరుగడలను వాని పినతల్లి కాపురముండని గ్రామము కలదని నేను నమ్మజాలను.

అనుభవశూన్యుడైన అమ్మకపువాడు మొట్టమొదట "ఎంతలో చూపించమంటారు?" అని అడుగును. ఇంతకన్న తెలివిమాలిన ప్రశ్న లేదు; ఏలయన, ప్రక్కింటావిడ సమక్షమున "తక్కువలో" అన్నచో పరువు పోవును, "ఎక్కువలో" అన్నచో భర్త ప్రాణము పోవును. పండిన గుమాస్తా "కట్టుకోడానికా అమ్మా, పెట్టుబడికా?" అని మాత్రమే అడుగును. ఆ ఒక్క మాటతో ధర తేలిపోవును. ఆడపడుచునకు పెట్టవలసిన చీరయైనచో, కంటికి నిండుగా కనబడుటయు, రేపు పదిమందిలో ఎవ్వరును దాని వెల ఇంతయని తేల్చలేకుండుటయు ముఖ్యమని వానికి తెలియును. కట్టుకొనుటకైనచో మాత్రమే వాడు పై అరవైపు కన్నెత్తును.

పరుపుమీద కూర్చున్న నలుగురిలో కొనువారెవ్వరో గ్రహించుట మరింత సూక్ష్మమైన విద్య. డబ్బు నాది, చీర నా భార్యది, తీర్పు మాత్రము వెంటవచ్చిన మా వదినగారిది. గుమాస్తా ఈ రహస్యమును మూడవ చీర విప్పుసరికే కనిపెట్టి, అటుపై ప్రతి కొంగును మా వదినగారి వైపునకే పరచసాగెను. ఒక గద్వాలు చీర దించి, దానిని పొగడక, "ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసినచోట తడిమి చూడండి పెద్దమ్మగారూ" అని ఊరకుండెను. వదినగారు తడిమిరి. తడిమినవారు అభిప్రాయము చెప్పక మానరు. చెప్పిన అభిప్రాయమును తామే సమర్థించుకొనక మానరు. ఆ తరువాతి అమ్మకమంతయు వదినగారే జీతము లేకుండ సాగించిరి.

ఇంతలో నా భార్య చేయి ఏ అంచుపై కొంతసేపు నిలిచెనో దానిని వాడు చూడనట్లే చూచెను. చూచిన పిమ్మట క్రొత్తవి దించుట మానెను. ముచ్చటలాడుచునే, ఎవ్వరి దృష్టికిని రాకుండ, ముంజేతి విసురుతో ఒక్కొక్క చీరను మడతపెట్టి వెనుకకు నెట్టుచు వచ్చెను. కొంతవడికి పరుపుపై మూడే మిగిలెను. గుట్టలో ఏదియు ఎన్నుకొనజాలని మనుజుడు మూడింట ఒకదానిని ఎన్నుకొనగలడను మర్మమును వానికి ఏ కళాశాలయు బోధించియుండలేదు.

రంగు దిగదని ఒట్టుపెట్టుకొను అమ్మకపువానిని నేను నమ్మను. మనవాడు "మొదటి ఉతుకుకు కొంచెం దిగుతుందమ్మా, విడిగా తడిపి నీడన ఆరెయ్యండి" అనును. ఎదురుకొట్టున ఇదియే రెండువందలు తక్కువకు వచ్చుచున్నదన్నచో, "ఇస్తాడమ్మా, మంచివాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి" అనునే గాని వానిని దూషింపడు. "నాలుగు కొట్లు చూసి వస్తాం" అని లేచినను మొగము చిన్నబుచ్చుకొనడు. ఆ చీరను మాత్రము కాగితమున చుట్టి, ఎవరికో దాచినట్లు గల్లాపెట్టె ప్రక్కన పెట్టును. ఆ పొట్లమే ఆవిడను రెండవ కొట్టు గడప తొక్కనీయదు.

ఇక బేరము. చీరకు వ్రేలాడు చీటీమీద పది అంకెలకు మారుగా పది అక్షరములతో కొన్నధర వ్రాసియుండును. ఆ లిపి యజమానికిని గుమాస్తాకును తప్ప పరమేశ్వరునకైనను తెలియదు. దానినొకమారు చూచి, యజమాని వైపు దీనముగా తిరిగి, ఆయన గుండె రాయి చేసికొన్నట్లు తలయూపగా, "బోణీ బేరమమ్మా, మీ మాట కాదనలేను" అని నూరు తగ్గించును. అప్పుడు సాయంకాలము నాలుగు గంటలు. మా వదినగారు గెలిచినట్లు నా వైపు చూచిరి.

ఇటీవల చేరిన కుర్రవాడొకడు ఒక ఇల్లాలితో "ఈ రంగు మీ వయసుకు బాగుంటుందమ్మా" అనెనట. అది సర్దుటకు పెద్ద గుమాస్తాకు రెండు కాఫీలును, ఒక రవికగుడ్డయు ఖర్చైనవి.

చీరల కొట్ల యజమానులకు నాదొక మనవి. పరుపు చివర చెప్పులకు కావలియుండు మా బోటి పురుషులకు ఒక ఫానును, నాటి దినపత్రికను ఏర్పాటు చేయుడు. ఉక్కపోసిన భర్త "ఇక లేస్తారా?" అనుటచేత, ఇంతటి గుమాస్తా మూడు చీరలదాక తెచ్చిన బేరములు చెడిపోవుట నేను కన్నులార చూచితిని.