నా వేడిలో పుట్టిన బల్లులు

నన్ను 82 దగ్గర పెడితే ఎక్కువగా ఆడపిల్లలు పుడతాయి. 89 దగ్గర పెడితే ఎక్కువగా మగవి. ఇవి ఫారెన్‌హీట్ డిగ్రీలు. మీ లెక్కలో చెప్పాలంటే దాదాపు 28, 32. లెపర్డ్ గెకో అనే బల్లి ఆడా మగా అన్నది క్రోమోజోములు తేల్చవు. గుడ్డుకు తగిలే వేడి తేలుస్తుంది, అదీ పొదగడం మొదలైన తొలి వారాల్లోనే. ఇంకా పైకి, 94 దాకా తీసుకెళ్తే మళ్ళీ ఎక్కువగా ఆడవే పుడతాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు ఈ బల్లుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఎక్కువ వేడిలో పుట్టిన ఆడవాటికి కోపం ఎక్కువని, పొదిగిన వేడి గుణాన్ని కూడా మారుస్తుందని చూపించారు. అందుకే నా యజమానురాలు, మా ఆవిడ, అంత పైకి ఎప్పుడూ వెళ్ళదు. నా మూత మీది మర ఎటు తిప్పిందన్న దాన్నిబట్టే ఆ ఏడు ఇంట్లోకి డబ్బు రావడమో, ఇంట్లోంచి పోవడమో ఉంటుంది.

నేను ఇంక్యుబేటర్‌ని. పేరు హోవాబేటర్. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని సవానాలో పుట్టాను. నన్ను తయారుచేసింది కోడిగుడ్ల కోసం. తెల్లటి థర్మోకోల్ పెట్టె, మూతకు చూసుకోవడానికి కిటికీలు, మూత లోపల చుట్టూ వేడి తీగ, మధ్యలో ఈథర్ నింపిన పల్చటి లోహపు బిళ్ళ. వేడెక్కితే బిళ్ళ ఉబ్బి స్విచ్‌ను నొక్కుతుంది, కరెంటు ఆగుతుంది. చల్లబడితే ముడుచుకుంటుంది, కరెంటు వస్తుంది. ఆ బిళ్ళకు చిల్లు పడితే ఇక ఉబ్బదు, వేడి ఆగదు, లోపలున్నవన్నీ ఉడికిపోతాయి. అందుకని మా ఆవిడ నా వైరును ఇంకో డిజిటల్ థర్మోస్టాట్ ద్వారా పెట్టింది. నన్ను నమ్మలేదని నేను నొచ్చుకోలేదు. ప్రాణాల దగ్గర రెండో కాపలా ఉండాల్సిందే.

కోడిగుడ్డును రోజూ తిప్పాలి. బల్లిగుడ్డును తిప్పకూడదు. పెట్టిన కొద్ది సమయానికే లోపలి పిండం పైగోడకు అంటుకుంటుంది. ఆ తర్వాత తలకిందులు చేస్తే చచ్చిపోతుంది. అందుకే గుడ్డు తీసేముందే మా ఆవిడ పెన్సిలుతో పైన చిన్న చుక్క పెడుతుంది. తడిపిన వెర్మిక్యులైట్ అనే ఖనిజపు గుల్లలో చుక్క పైకి ఉండేలా సగం దాకా పాతి, డబ్బా మూత మీద తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు రాస్తుంది. కొన్నాళ్ళకు చీకట్లో చిన్న టార్చి వేసి చూస్తుంది. లోపల గులాబీ రంగు వెలుగులో ఎర్రటి నరాలు కనబడితే బతికినట్టు. పసుప్పచ్చగా, డొల్లగా కనబడితే అది బూజుపట్టి పోయేదే.

ఆవిడ పెన్సిల్వేనియాలో స్కూలు బస్సు నడుపుతుంది. కూతురు అడిగిందని ఒక ఆడ గెకో కొన్నది. తర్వాత దానికి తోడొకటి. మీ గోడల మీద ట్యూబులైటు దగ్గర పురుగుల్ని పట్టే బల్లికి రెప్పలుండవు, గోడ పాకే పాదాలుంటాయి. దీనికి రెప్పలున్నాయి, గోడ ఎక్కే పాదాలు లేవు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలలు దీని పుట్టిల్లు. తోకలో కొవ్వు దాచుకుంటుంది. మనిషి అరచేతిలో కుదురుగా కూర్చుని రెప్పలు ఆర్పుతూ చూస్తుంది. ఆ చూపుకే మనుషులు పడిపోతారని నా అభిప్రాయం. ఒక ఆడది ఒక్కో ఈతకు రెండేసి గుడ్లు చొప్పున, కొన్ని వారాలకోసారి, వేసవి చివరిదాకా పెడుతూనే ఉంటుంది. ఆ గుడ్లను పారేయలేక మా ఆవిడ పాత సామాన్ల అమ్మకంలో నన్ను తెచ్చుకుంది.

మొదటి పిల్లలు బయటికొచ్చిన పూట నాకు బాగా గుర్తు. ముందురోజు గుడ్డు పైన చెమట పట్టి, సొట్ట పడింది. తర్వాత చిన్న ముట్టె పైపొరను చీల్చుకుని వచ్చింది. నలుపు, పసుపు పట్టీలతో వేలెడంత పిల్ల. కూతురు మూత తీసేసరికి నోరు బార్లా తెరిచి కీచుమని అరిచింది. పుట్టీ పుట్టగానే ప్రపంచం మీదికి లేచింది! మొదటి కుబుసం విడిచి, దాన్నే తినేసి, కొద్ది రోజుల తర్వాత మొదటి కీచురాయిని పట్టింది. ఆ ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పిల్లల్ని హాంబర్గ్ ఫీల్డ్ హౌస్‌లో జరిగే సరీసృపాల సంతకు తీసుకెళ్ళారు. నేను సంతకు వెళ్ళను. అరమీదే ఉంటాను. తిరిగొచ్చాక టేబులు మీద నోట్లు లెక్కపెట్టే మాటల్లోనే నాకు సంత తెలుస్తుంది. ఆ రోజు తెచ్చిన ఖాళీ డబ్బాలు ఎక్కువ, మాటలూ ఎక్కువ. ఒక పిల్లవాడు దాచుకున్న చిల్లరంతా పోసి కొన్నాడట. ఒక ముసలాయన అరగంట నిలబడి ఏమేం తింటుందో అన్నీ రాసుకున్నాడట. టేబులు అద్దె, డీజిలు పోను మిగిలింది పెద్ద మొత్తం కాదు. అయినా "మనం పెంచినవి ఇంకొకరికి కావాల్సి వచ్చాయి" అని ఆవిడ అన్న తీరులో డబ్బు మాట లేదు.

అక్కడే ఆగి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. కానీ ఈ వ్యాపకంలో రంగులున్నాయి. 1990ల చివర్లో ఒకదాని తర్వాత ఒకటి నల్లరంగు పుట్టని మూడు అల్బినో రకాలు వచ్చాయి. ట్రెంపర్, రెయిన్‌వాటర్, బెల్. మూడూ పైకి దాదాపు ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకదానికొకటి కలవవు. ఒక రకాన్ని ఇంకో రకంతో జతకడితే మామూలు రంగు పిల్లలు పుడతాయి. ఆ పిల్లల్ని తెలియక జతకట్టినవాడి వంశాలన్నీ గందరగోళమైపోతాయి. అందుకే అమ్మేవాడి నోటుపుస్తకమే అతని పరువు. మా ఆవిడ పుస్తకం నా మూత మీదే ఉంటుంది. అందులో కొట్టివేతలు లేవు.

కొత్త రంగు ధర ఎలా పడుతుందో నేను అరమీది నుంచే వింటూ వచ్చాను. మార్ఫ్ అని పిలిచే కొత్త రంగు రకం ఒకరి దగ్గరే ఉన్నప్పుడు జంటకు వేల డాలర్లు పలుకుతుంది. అతను ఓ పదిమందికి అమ్ముతాడు. ఈడుకు రావడానికి బల్లికి దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాది గడిచాక పదిమంది దగ్గరా డబ్బాల నిండా అదే రంగు పిల్లలుంటాయి. తర్వాతి సంతలో పక్క టేబులువాడు పది డాలర్లు తగ్గిస్తాడు, ఎదుటివాడు ఇరవై తగ్గిస్తాడు. అప్పు చేసి కొన్నవాడు అప్పు తీరేలోపే ఆ రంగు మామూలు రంగయిపోతుంది. లాభం మొదటి ఒకరిద్దరిదే. తర్వాతివాళ్ళకు మిగిలేది మేత ఖర్చు.

ఇక మగవాటి సంగతి. రెండు మగవాటిని ఒకచోట పెడితే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. పెంపకందారుకు నాలుగైదు ఆడవాటికి ఒక్క మగది చాలు. అందుకే అందరూ నాలాంటి పెట్టెలను 82 దగ్గర పెడతారు. అయినా కొన్ని మగవి పుడతాయి. వాటికి ఒక్కోదానికీ వేరే డబ్బా, వేరే నీళ్ళ గిన్నె, వేరే వేడి. నెలలు గడిచినా ముప్పై డాలర్లకు కూడా అడిగేవారుండరు. అప్పటికి అది తిన్న పురుగులు, కాల్షియం పొడి ఖర్చే అంతకు చేరువవుతుంది. టోకున కొనే దుకాణాలవాళ్ళు పది డాలర్లంటారు. ఎలాంటి చోటికి వెళ్తాయో తెలియదని మా ఆవిడ వాళ్ళకు ఇవ్వలేదు.

లెమన్ ఫ్రాస్ట్ మాట చెప్పకుండా ఉండలేను. 2015లో వేలంపాటలో ఈ రంగు బల్లుల్ని చూసి పెంపకందార్లంతా ఉలిక్కిపడ్డారు. నిమ్మపసుపు మీద మంచు చల్లినట్టు ఉండేవి. ఇంకా చాలామంది ఆశపడుతున్న రోజుల్లోనే ఒక పాత స్నేహితుడు మా ఇంటికి వచ్చి, తన లెమన్ ఫ్రాస్ట్ మగదాన్ని ఇస్తానని, బదులుగా రెండు ఆడవి ఇమ్మని అడిగాడు. మా ఆవిడ దాన్ని తిరగేసి పొట్ట చూసింది. చర్మం కింద తెల్లటి గడ్డలు. "దీని పిల్లలు నా పెట్టెలోకి రావు" అంది. 2021లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దాని మూలం తేల్చారు. తెల్లటి మెరుపునిచ్చే కణాలు అదుపు తప్పి పెరగడమే ఆ అందం. ఈ రంగు బల్లుల్లో 80 శాతానికి పైగా చర్మపు కణితుల పాలవుతాయి. స్పింట్1 అనే జన్యువు దగ్గర దాని మూలం దొరికింది. అదే జన్యువుకు మనుషుల చర్మ క్యాన్సర్‌తోనూ సంబంధం ఉండటంతో ఆ పరిశోధనకు విలువ పెరిగింది. నా వేడి వాటికి తగల్లేదని నాకు తృప్తి. అందం పేరుతో జబ్బును పొదగడం నా దృష్టిలో నేరమే.

అమ్మిన పిల్లను పంపడం ఇంకో పరీక్ష. తడి కాగితం వేసిన చిన్న డబ్బా, దాని చుట్టూ థర్మోకోల్ పెట్టె, చలికాలమైతే వెచ్చదనమిచ్చే పొట్లం. సోమవారం నుంచి బుధవారం దాకానే పంపాలి. వారాంతం దగ్గర పడితే గోడౌనులో చిక్కుకుంటుంది. ఒక జనవరిలో, ఆవిడ సరైన రోజునే పంపినా, కొరియర్ దారితప్పించింది. పెట్టె రెండు రోజులు ఎక్కడో చలిలో ఉండిపోయింది. కొన్న అమ్మాయి పంపిన ఫోటో చూసి ఆవిడ డబ్బు తిరిగి పంపింది, ఆ చలికాలమంతా ఇక ఏదీ పంపలేదు.

2020లో జనం ఇళ్ళలో ఉండిపోయినప్పుడు ఫోను ఆగలేదు. పిల్లలకు తోడు కావాలి, కుక్కను పెట్టుకునే చోటు లేదు, బల్లి చాలు అనేవారు. ముప్పై డాలర్ల మగవాటిని కూడా వందకు పట్టుకుపోయారు. మా ఆవిడ భర్త కూడా లెక్కలు వేసి, "బస్సు మానేసి ఇదే చేయొచ్చు" అన్నాడు. ఇంకో ఇంక్యుబేటర్ కొన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆఫీసులు తెరిచారు, బళ్ళు తెరిచారు, ఫోను మోగడం మానేసింది. ఆ తర్వాత వచ్చిన ఫోన్లు వేరు: "అబ్బాయి కాలేజీకి వెళ్తున్నాడు, మీ బల్లిని మీరే తీసుకుంటారా?"

ఆవిడ తీసుకుంటుంది. అమ్మేటప్పుడే ఆ మాట ఇస్తుంది. లెపర్డ్ గెకో బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. ధర ఒక సీజను బతుకుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ఎవరో ఒకరు మోయాలి. సంతలో టేబులు వేసిన ప్రతివాళ్ళూ అది తమ బాధ్యతేనని ముందే అనుకుంటే బాగుండునని నాకనిపిస్తుంది. తిరిగొచ్చినవాటిని ఆవిడ నెలల తరబడి వేరే గదిలో ఉంచి, మలం పరీక్ష చేయిస్తుంది. క్రిప్టో అనే పరాన్నజీవి ఒక్కదానితో లోపలికొస్తే తోకలన్నీ పుల్లల్లా ఎండి, గదంతా ఖాళీ అవుతుంది.

అలా తిరిగొచ్చినవాటితో అరలు నిండాయి. చోటు లేదు కాబట్టి గుడ్లు తగ్గించక తప్పలేదు. ఇప్పుడు ఆవిడ రెండు ఆడవాటినే జతకడుతుంది. మగది లేకపోయినా లోపల దాచుకున్న బీజంతో అవి మరికొన్ని ఈతలు పెడతాయి. అక్కర్లేని గుడ్లను పెట్టిన రోజునే, పిండం ఎదగకముందే, ఫ్రీజర్లో పెట్టేస్తుంది. కూతురు మొదట్లో ఏడ్చింది. నేనైతే ఆవిడ పక్షమే. నా పని పొదగడమే అయినా, పొదగకూడనిది నా దగ్గరికి రాకపోతేనే మంచిది.

రెండో ఇంక్యుబేటర్‌ను పక్కవీధి రైతు కోళ్ళ కోసం కొనుక్కుపోయాడు. ఈ వసంతానికి నా దగ్గర ఉన్నది ఒక్క డబ్బా, అందులో ఆరు గుడ్లు. మూడింటికి పేర్లు రాసుకున్నవాళ్ళున్నారు, మిగతా మూడూ ఇంట్లోనే ఉంటాయి. మర 82 దగ్గరే ఉంది. రాత్రి చలి పెరగడంతో ఆవిడ ఇందాకే వచ్చి థర్మోస్టాట్ చూసి, పుస్తకంలో ఒక అంకె రాసుకుని వెళ్ళింది.