ఎకరం ఏ భాషలో ఉంది?

1984లో కరణీకం రద్దయింది, కరణం దస్త్రం మిగిలింది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు ‘కార్డ్’ కంప్యూటర్లొచ్చాయి. 2015లో భూ రికార్డుల వెబ్‌సైటు ‘మీభూమి’. 2022 ఏప్రిల్ 4న పల్నాడే జిల్లా అయింది. ఇక ఆ రికార్డులు నడిపే పాత స్క్రిప్టులన్నీ పైథాన్‌లోకి తిరగరాస్తే పనులు పరుగులే అంటున్నారు కంప్యూటర్ మేధావులు. రాసుకోండి, రస్ట్‌లో రాసినా కాదనేవాళ్లెవరు? ఆ పల్నాడులోని గురజాల రైతు గోడు వేరు. పాస్‌బుక్‌లో ఎకరం ఇరవై సెంట్లు, అడంగల్‌లో వట్టి ఇరవై సెంట్లు. ప్రోగ్రాం ఎన్నిసార్లు మారినా ఆ అంకె మాత్రం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే! కొత్త స్క్రిప్టు చేసేదల్లా ఆ తప్పునే రెప్పపాటులో చూపించడం. (పాతది టీ తాగొచ్చేంత టైమన్నా ఇచ్చేది.) సార్లూ, ముందు ఆ ఎకరం వెతికిపెట్టండి, తర్వాత మీ ఇష్టమొచ్చిన భాషలో రాసుకోండి.