ఈలకీ చెవులుంటాయి!

చోడవరం టీకొట్టు దగ్గర, రాత్రంతా ఫుట్‌బాల్ చూసొచ్చిన కుర్రాళ్లది ఒకటే గోల: ‘‘రిఫరీ పెద్ద జట్టుకి అమ్ముడుపోనాడ్రా!’’ ఏ పెద్ద జట్టుకిరా అనడిగితే మాత్రం, ఒక్కొక్కడూ పక్కోడి జెర్సీ మీదకే వేలు చూపిస్తాడు.

అమ్ముడుపోనక్కర్లేదు నాయనలారా! స్పెయిన్ లీగ్ మ్యాచ్‌లు తిరగేసి ముగ్గురు ఆర్థికవేత్తలు 2005లోనే లెక్క తేల్చారు. సొంతూరి జట్టు ఒక్క గోల్ వెనకబడితే రిఫరీ ఆట సాగదీస్తాడు. ఒక్క గోల్ ముందుంటే త్వరగా ఈల ఊదేస్తాడు. కరోనా కాలంలో గ్యాలరీలు ఖాళీ అయ్యాక, బయటి జట్లకి పసుపు కార్డులు తగ్గాయట! అంటే లంచం కవర్లో కాదు, కేకల్లో ముడుతుందన్నమాట.

అయితే ఆ జనబలం పొరుగూరిలో చెల్లదు. లక్షల అభిమానులున్న కేరళ బ్లాస్టర్స్ జట్టు, 2023 మార్చి 3న బెంగళూరులో ఆ ఊరి జట్టు ఆటగాడు ఛెత్రి కొట్టిన ఫ్రీకిక్‌ని రిఫరీ గోల్‌గా ఒప్పుకున్నాడని అలిగి మైదానం వదిలేసింది. న్యాయం దక్కలేదు సరే, 4 కోట్ల జరిమానా మాత్రం దక్కింది!

మన సంగతంటారా? గ్యాలరీలో బ్లాస్టర్స్ పసుపు చొక్కాలు హోరెత్తుతున్నా, 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎగరేసుకొచ్చింది. 2025 వచ్చేసరికి ఆ జట్టే ఢిల్లీకి ఎగిరిపోయింది.

ఇక రిఫరీని తిట్టడం దేనికి? అన్యాయం చేద్దామన్నా, మైదానంలో మనోళ్లుండొద్దూ!