నేను షాడో ఫైలుని

నా పేరు షాడో. మైలవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైనక్స్ ల్యాబ్‌లో, ఉబుంటు సర్వర్‌లోని ఎట్సీ డైరెక్టరీలో ఉంటాను. ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరు పాస్‌వర్డ్ కొట్టినా సరిచూడాల్సింది నా దగ్గరే.

ఒకప్పుడు ఈ పని మా అన్న పాస్‌వడ్ ఫైలు చేసేవాడు. వాణ్ణి ఎవరైనా చదవొచ్చు, చిక్కంతా అక్కడే. పాస్‌వర్డ్‌కి సాల్ట్ కలిపి, వెనక్కి మార్చలేని హ్యాష్‌గా దాచే పద్ధతిని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో వివరించారు. అయినా కంప్యూటర్ల వేగం పెరిగేకొద్దీ, అందరికీ కనబడే హ్యాష్‌ను ఊహలతో పోల్చి చూడటం తేలికైపోయింది. 1980ల చివర్లో ఆ హ్యాష్‌లను నాకు అప్పగించారు. ఇక్కడ రూట్‌కీ, షాడో గ్రూపుకీ తప్ప నన్ను చదివే హక్కు ఎవరికీ లేదు.

"నా పాస్‌వర్డ్ ఏంటో చూసి చెప్పండి సార్" అని పిల్లలు అడుగుతుంటారు. అది నా దగ్గర లేదు, నిజంగానే లేదు. ఒక్కో యూజర్‌కి ఒక్కో వరుస, అందులో తొమ్మిది గడులు. రెండో గడిలో హ్యాష్. మూడో గడిలో పాస్‌వర్డ్ చివరిసారి మార్చిన తేదీ, 1970 జనవరి 1 నుంచి రోజుల లెక్కన.

ల్యాబ్ పరీక్ష రోజు ఒకమ్మాయికి లాగిన్ అవలేదు. "నిన్న అయింది సార్, ఒట్టు!" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రీసెట్ చేసేయమన్నారు మేడమ్. ల్యాబ్ అసిస్టెంట్ మాత్రం, "ఒక్క నిమిషం మేడమ్, ముందు లాగ్ చూద్దాం" అన్నాడు. ఆథ్ లాగ్‌లో పాస్‌వర్డ్ సరిపోలేదనే ఉంది. నా రెండో గడి ముందు లాక్ గుర్తు '!' లేదు. గడువు చెప్పే ఎనిమిదో గడి ఖాళీ. అతను స్క్రీన్ మూలకి చూశాడు. కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంది! చుక్కల వెనక పడుతున్నవి తెలుగక్షరాలని ఆ పిల్లకెలా తెలుస్తుంది? ఇంగ్లీషుకి మార్చగానే పాత పాస్‌వర్డే పనిచేసింది. ఆ అసిస్టెంట్ అంటే నాకు గౌరవం.

ఇంకోసారి రికవరీ మోడ్‌లో ఎవరో పాస్‌వర్డ్ మార్చబోతే ఎర్రర్ వచ్చింది. అప్పుడు డిస్కు చదవడానికి మాత్రమే మౌంటై ఉంది, నా మీద రాయడం కుదరదు. రాయడానికి వీలుగా రీమౌంట్ చేశాక మారింది.

లాక్ చేసి వదిలేసే ఖాతాలంటేనే నాకు భయం. నా రెండో గడిలో '!' పెడితే ఆగేది పాస్‌వర్డ్ ఒక్కటే. ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉన్న పాత విద్యార్థి అప్పటికీ లోపలికి రావచ్చు. కాలేజీ వదిలినవాళ్ళ ఖాతాకు ఎనిమిదో గడిలో గడువు కూడా ముగించాలి.

ల్యాబ్‌లు చూసుకునే అయ్యలారా, అమ్మలారా! రిజిస్టర్‌లో 'పాస్‌వర్డ్ మర్చిపోయారు' అని రాసేముందు కీబోర్డు చూడండి, లాగ్ చదవండి, నా వరుస తెరవండి. పరీక్ష రోజు పిల్లల్ని ఊరికే తప్పుపట్టకండి.