పిల్లల పేరు చెప్పి రంగురాళ్లు పోగెయ్యడం ఎలా?

పిల్లలకి రంగురాళ్లు చూపించాలని, చేతిలో పెట్టాలని, వాటి కథలు చెప్పాలని సరదా పుట్టిందా? సుబ్బరమైన సరదా అండి. ఖర్చు తక్కువ, పేరు ఎక్కువ. వజ్రాలూ కెంపులూ ఎవరడిగారు? గార్నెట్, స్ఫటికం, అగేట్, జాస్పర్ లాంటివి చాక్లెట్ల ఖర్చులోనే వచ్చేస్తాయి. పైగా "ఆయన పిల్లలకోసం ఎంత ఇదైపోతాడో!" అని వీధంతా చెప్పుకుంటుంది.

ఒక్కటే ప్రమాదం. ఆదమరిస్తే రాళ్లు నిజంగానే పిల్లల చేతుల్లోకి వెళ్లిపోతాయి. ఆనక వాళ్లు ప్రశ్నలు అడుగుతారు. మీరు కుర్చీలోంచి లేవాలి, పుస్తకం తియ్యాలి, తెలియకపోతే తెలుసుకోవాలి. అంతదాకా రాకుండా చూసుకోడానికే ఈ చిట్కాలు. గోదావరి జిల్లాలవాళ్లు మరీ శ్రద్ధగా చదవండి. మన దగ్గర ఈ ప్రమాదం గుమ్మం ముందే పోసి ఉంటుంది.

1. ఇసుక గుట్ట మీంచి పిల్లల్ని దింపెయ్యండి.

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే. ఇల్లు కట్టేవాళ్లు గోదావరి ర్యాంపు నించి ఇసుక తోలించి వీధిలో పోస్తారు. తాపీమేస్త్రి జల్లెడ పడితే ఇసుక కిందకి పోతుంది, గులకరాళ్లు పైన మిగులుతాయి. ఆ గులకరాళ్లతోనే మీకు పోటీ.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొస్తుంది. అందులో ఎగువ భాగం దక్కన్ నల్లరాతి నేల మీదే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి అయిన రాయి అది. లావాలో గాలి బుడగలుండిపోయిన గుల్లల్లోకి సిలికా కలిసిన నీరు చేరి, పొర మీద పొర పేరుకుని, చారల అగేట్ అయింది, నారింజరంగు కార్నీలియన్ అయింది. నల్లరాయి అరిగిపోయినా ఇవి అంత సులువుగా అరగవు. దొర్లుకుంటూ, నున్నబడుతూ మన దాకా వస్తాయి. పాపికొండల దగ్గరికొచ్చేసరికి అక్కడి ఖొండలైట్ రాతిలోంచి రాలిన గార్నెట్ నలుసులు కూడా జత కలుస్తాయి. అంత దూరమెందుకు, రాజమండ్రి పక్కన కాతేరులోనూ, అవతలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు వైపునా ఆ కాలం లావారాయే ఉంది.

అంటే మేస్త్రి పారబోసే గులకరాళ్లలో అగేటు, కార్నీలియను, ఎర్ర జాస్పరు, స్ఫటికం ఉండే అవకాశం ఉందన్నమాట. ఊరికే. పిల్లాడు ఒకటి ఏరి, బకెట్లో ముంచి, ఎండకెత్తి చూశాడా, అది నిప్పుకణికలా వెలుగుతుంది. ఇక వాడు మీ దారికి రాడు. అందుకని ఇసుక లారీ వచ్చిన రోజునే "తేళ్లుంటాయిరోయ్!" అని ఒక్క కేక వెయ్యండి. కేక వెయ్యడానికి కూడా ఓపిక లేకపోతే చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి లోపల కూర్చోబెట్టండి.

2. డబ్బు పెట్టి కొనండి, ఏం కొన్నారో మాత్రం కనుక్కోకండి.

అంతర్వేది తీర్థం ఉంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. రాళ్ల ఉంగరాలు పళ్లెంలో పోసి అమ్మేవాడి దగ్గర ఆగి, రంగు బాగున్నదల్లా కవర్లో వేయించుకోండి. "ఇది గాజేనండి బాబూ" అని కొట్టువాడు తనంతట తనే చెబితే ఆ కొట్టు దగ్గర నిలబడకండి. అలాంటివాడితో బేరం సాగదు.

అంతర్వేది వెళ్లినప్పుడు ఇంకో జాగ్రత్త. అలలు వెనక్కిపోయాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. అందులో బరువైన ఇల్మనైట్ గింజలుంటాయి, వాటి మధ్య ఎర్రగా గార్నెట్ నలుసులుంటాయి. పిల్లలు వంగి చూస్తే పట్టుబడిపోతారు. బజ్జీల బండి వైపు తిప్పెయ్యండి.

3. పేర్లు ఘనంగా పెట్టండి.

ఎర్రగా ఉంటే కెంపు. ఆకుపచ్చగా ఉంటే పచ్చ. పసుపైతే పుష్యరాగం. తెల్లగా మెరిస్తే "మీ తాతగారి కాలం నాటి వజ్రంరా". చిలకలపూడి రోల్డుగోల్డు గాజులోంచి ఊడిన రాయైనా సరే, పేరు తగ్గించకండి.

ఎవరైనా చదువుకున్న బావమరిది అడ్డొస్తే లండన్ చూపించండి. బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగంలో ఎర్రగా మెరిసే "బ్లాక్ ప్రిన్స్ రూబీ" అసలు కెంపే కాదు, స్పినెల్. 1367లో బ్లాక్ ప్రిన్స్ అనే యువరాజు చేతికొచ్చిందని చెప్పే రాయది. కొన్ని వందల ఏళ్లు రాజులే కెంపనుకుని నెత్తిన పెట్టుకున్నారు. మనమెంత! ఆ రెండు రాళ్లనీ విడిగా గుర్తుపట్టడం జనం తర్వాత నేర్చుకున్నారన్న ముక్క మాత్రం బావమరిదికి చెప్పకండి. పిల్లలకి అసలు చెప్పకండి. "మరి ఎలా గుర్తుపట్టారు?" అంటారు.

4. భూతద్దం కొనొద్దు.

పదిరెట్లు పెద్దగా చూపే చిన్న లెన్సు చాలా చవక. అదే దాంతో వచ్చిన చిక్కు. గాజురాయి లోపల గుండ్రటి బుడగలు పిల్లలకి కూడా కనబడిపోతాయి. గట్టి అయస్కాంతం ఇంకా ద్రోహి. ఇనుము దండిగా ఉన్న ఎర్ర గార్నెట్‌ని నీళ్లలో తేలే థర్మాకోల్ ముక్క మీద పెట్టి అయస్కాంతం దగ్గరకి తెస్తే నెమ్మదిగా అటు జరుగుతుంది. కెంపు జరగదు. ఈ ఆట పిల్లలకి తెలిసిందంటే ఒక్క రాయితో ఆగుతారా? నాయనమ్మ ఉంగరం అయిపోతుంది, అత్త లోలాకులు అయిపోతాయి, పెళ్లిలో మీరు మీ ఆవిడకి కెంపులని చెప్పి పెట్టిన నెక్లెసు దగ్గరికొస్తారు. ఆ పూట ఇంట్లో వంట ఉండదు.

పరీక్ష తప్పదంటే సుత్తి వాడండి. "అసలు రాయైతే పగలదు" అని గంభీరంగా చెప్పి ఒక్కటెయ్యండి. 1812లో మోస్ అనే జర్మన్ ఆయన రాళ్ల గట్టిదనానికి 1 నించి 10 దాకా మెట్లు కట్టాడు. స్ఫటికం 7, కెంపూ నీలమూ 9, వజ్రం 10. అది గీతలు పడ్డం గురించి చెప్పిన లెక్క, దెబ్బ తట్టుకోవడం గురించి కాదు. సుత్తి పడితే వజ్రమైనా ముక్కలవుతుంది. మీకది ఇంకా మంచిది. అసలుదీ పగిలింది, నకిలీదీ పగిలింది, వాదన ముగిసింది.

5. వారానికోసారి మెరుగు పెట్టండి.

ముత్యాలూ పగడాలూ వెనిగర్‌లో నానబెట్టండి. పైన బుడగలొస్తే మురికి పోతోందని చెప్పండి, పోయేది ముత్యమే. ఊదారంగు అమెథిస్టుని డాబా మీద ఎండలో వదిలెయ్యండి, వేసవులు గడిచేకొద్దీ వెలవెలబోతుంది. అప్పుడు తెల్ల స్ఫటికం అని కొత్త పేరు పెట్టుకోవచ్చు. రాయి కొనకుండానే సేకరణ పెరిగింది చూశారా?

6. అన్నీ ఒకే డబ్బాలో వేసి గలగలలాడించండి.

గట్టివి మెత్తవాటిని గీకేస్తాయి. మీ పని తగ్గుతుంది.

7. చీటీలు రాయకండి.

ఈ రాయి ఫలానా ఊళ్లో, ఫలానా రోజున, ఫలానా పిల్ల ఏరింది అని చిన్న కాగితం మీద రాసిపెట్టేవాళ్లున్నారు. చాదస్తం. అలా రాస్తే రాయి ఎవరిదో తెలిసిపోదూ? "నాకంతా గుర్తుందిలే" అనండి. ఆర్నెల్లలో అన్నీ మీవే అయిపోతాయి.

8. బరువు రత్తిలో చెప్పండి.

క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములని లోకమంతా ఒప్పుకుంది కాబట్టి అది మనకి పనికిరాదు. రత్తి అంటే పాతకాలం గురిగింజ ఎత్తు. కొట్టుకో రత్తి ఉంటుంది. అడిగినవాడు లెక్క కట్టలేడు.

9. నవగ్రహాల్ని దించండి.

ఇక్కడ మీ తెలివి చూపించాలి. రవికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురువుకి పుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకి గోమేధికం, కేతువుకి వైడూర్యం. ఈ పట్టిక గోడకి అంటించారంటే ఆటవస్తువు కాస్తా మందుబిళ్ల అయిపోతుంది. లెక్కల్లో మార్కులు తగ్గితే బుధుడు. తమ్ముణ్ణి కొడితే కుజుడు. పిల్లదానికి నీలంరంగు నచ్చిందీ? "అమ్మో, నీలం పడకపోతే కొంప ముంచేస్తుందే!" అని గుండె మీద చెయ్యేసుకోండి. రాయి ఖరీదు పెరిగేకొద్దీ దోషం కూడా పెంచుకుంటూ పొండి. ఖరీదైనవన్నీ మీ వేళ్లకి చేరతాయి, పిల్లల క్షేమం కోసమే.

"మావయ్యా, పగడం రాయి కాదంట కదా, సముద్రంలో చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూడంట?" అని ఎవరైనా అడిగితే, "పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదమ్మా" అనండి. దీనికి మించిన జవాబు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

10. కథలు చెప్పండి, కానీ డబ్బు కథలే.

నర్సీపట్నం దగ్గర కరక కొండల్లో వైడూర్యాలు దొరికాయనీ, రాత్రికి రాత్రి లక్షలు చేతులు మారాయనీ చెప్పండి. రిజర్వు ఫారెస్టులో దొంగచాటుగా సొరంగాలు తవ్వినవాళ్ల మీద మట్టి కూలిందనీ, మనుషులు పోయారనీ చెబితే కథ రుచి చెడుతుంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తారని చెప్పండి. ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ల సంగతి ఎత్తకండి.

చెప్పకూడని కథలు వేరే ఉన్నాయి. పగటి వెలుగులో ఆకుపచ్చగా, బల్బు వెలుగులో ఎర్రగా కనిపించే అలెగ్జాండ్రైట్ కథ ఒకటి. కొత్తగూడెం వైపు గరీబ్‌పేట గుట్ట గార్నెట్లు పాతకాలంలోనే పుదుచ్చేరి దగ్గరున్న అరికమేడు రేవుదాకా పూసలు చెయ్యడానికి వెళ్లాయని పరిశోధకులు చెప్పే కథ ఇంకోటి. వీటిలో రేటు రాదు. వింటే పిల్లలు పటం తెమ్మంటారు.

పాపికొండలు తీసుకెళ్తే బోటులో డ్యాన్సు ప్రోగ్రాం దగ్గరే కూర్చోబెట్టండి. కొండ వైపు చూడనివ్వకండి.

11. పంపకం భోగినాడు పెట్టుకోండి.

ముక్కనుమ దాకా ఆగితే లాభం లేదు, చుట్టాలు బస్సెక్కేస్తారు. భోగి పొద్దున్న రగిలిస్తే పండగ మూడు రోజులూ మండుతుంది. పిల్లలు ఏడుగురైతే రాళ్లు ఆరే తియ్యండి. అన్నీ ఒక సైజువి ఉండకూడదు. పెద్దది మీ అక్కయ్యగారి అబ్బాయికి, అదీ మీ ఆవిడ తరఫువాళ్లు చూస్తుండగా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "ఇది నాలుగువేలు" అని ఊరికే ఓ మాట వదలండి. నాలుగు వందలైనా ఏం ఫరవాలేదు.

"మరి నాకేదీ మావయ్యా?"

"నీది బీరువాలో ఉందిరా. నీకోసమే దాచాను."

"ఏ రంగు?"

"పెద్దయ్యాక చూద్దువుగాని."

ఈ నాలుగు ముక్కల్నీ కంఠతా పట్టండి. వీటికి తోడు ఇంకొన్ని దగ్గరుంచుకోండి: తాళంచెవి పిన్ని దగ్గరుంది. ఇవాళ మంగళవారం. పరీక్షలయ్యాక. చేతులు కడుక్కున్నావా? బీరువా తలుపు పట్టేసింది. ఒకే పూట రెండు సాకులు వాడకండి, దుబారా.

12. సీసా కోసం వెతకండి.

మొదటి చిట్కా సరిగ్గా పాటించనివాళ్లకి ఇది. ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఏదో ఒక పిల్ల చాటుగా ఇసుక గుట్ట ఎక్కే ఉంటుంది. మంచం కిందో, పుస్తకాల సంచిలోనో ఖాళీ హార్లిక్స్ సీసా దొరుకుతుంది. నిండా నీళ్లు పోసి, లోపల గులకరాళ్లు వేసి ఉంటుంది. ఏది ఏ లారీలో వచ్చిందో, ఏది తమ్ముడికిచ్చి ఏది పుచ్చుకుందో నోటికి చెబుతుంది. మీ డబ్బాలో సగం గాజేనని కూడా అప్పటికే కనిపెట్టి ఉంటుంది, చెప్పలేదంతే.

కంగారుపడకండి. "జాగ్రత్త చేస్తానమ్మా" అని సీసా తీసుకోండి. ఎదురింట్లో స్లాబు వేసే రోజు ఎప్పుడో కనుక్కోండి. తెల్లారగట్ట మిల్లరు తిరిగేముందు కంకర గుట్ట మీద సీసా బోర్లించి వచ్చెయ్యండి. పిల్ల అడిగితే మేస్త్రి మీద పెట్టండి. స్లాబు గట్టిపడడానికి మూడు వారాలు తడపాలి కదా, ఆ తడిపే పని ఆ పిల్లకే అప్పజెప్పండి.